పాత చింతపండు రంగు

మా అత్తమ్మ కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికొచ్చింది. హాల్లో తన కుర్చీలో కూర్చుంది. ఆసుపత్రివాళ్లిచ్చిన నల్లద్దాలు తీసి ఎదుటి గోడ వంక చూసింది. చేతిలో కాఫీ చల్లారేదాకా చూస్తూనే ఉంది.

"అవి ఎవరివి?" అంది.

ఆ గోడకి దుప్పి కొమ్ములు తప్ప ఇంకేమీ లేవు. టేకు పలకకు బిగించిన జత. జనక్‌పురిలో ఈ ఫ్లాట్‌కి నేను కోడలిగా వచ్చేనాటికే వంటింటి తలుపు పైన ఉన్నాయి.

"మీవే కదా అత్తమ్మా," అన్నాను.

"నావి ముదురు రంగువి. పాత చింతపండులా ఉండేవి. ఇవేంటి, సున్నం కొట్టినట్టున్నాయి?"

అప్పుడు నేనూ తలెత్తి చూశాను. నిజంగానే తెల్లగా ఉన్నాయి. పడమటి కిటికీలోంచి ఏళ్ల తరబడి ఎండ నేరుగా వాటిమీదే పడుతోంది. అది చాలదన్నట్టు కరోనా రోజుల్లో అత్తమ్మే బ్లీచింగ్ నీళ్లలో గుడ్డ ముంచి, తలుపు గొళ్లాల దగ్గర్నుంచి గోడ గడియారం దాకా ఇంట్లో ఉన్నవన్నీ తుడిపించింది. కొమ్ములూ అందులోనే. రోజూ కళ్లెదుట ఉండేవి కాబట్టి మాలో ఎవరికీ తేడా తెలియలేదు. ఆవిడకి తెలియకపోవడానికి మరో కారణం ఉంది. శుక్లాలు ముదిరిన కంటికి అన్నీ టీ డికాషన్‌లోంచి చూసినట్టు పచ్చగా కనిపిస్తాయని డాక్టరు చెప్పాడు. కొమ్ములు వెలిసేకొద్దీ ఆవిడ కన్ను పచ్చబడుతూ వచ్చింది. రెండూ సరిపోయాయి.

ఇంత సంగతి నాకు ఠక్కున తట్టినందుకు నాకే ముచ్చటేసింది. "కొత్త కంటికి చెయ్యి అడ్డం పెట్టి పాత కంటితోని చూడుండ్రి అత్తమ్మా," అన్నాను.

ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చెయ్యి మార్చి రెండో కంటితో చూసింది. మళ్లీ మార్చింది.

"పాత కంటికి గోధుమరంగులో ఉన్నాయి," అంది.

"చూసిన్రా? అవే కొమ్ములు. మారింది మీ కన్ను."

"పాత కన్ను అబద్ధం చెప్తోందని డాక్టరే అన్నాడు కదా. అంటే ఎప్పుడు మార్చేసినా నాకు తెలిసుండదు." కుర్చీలోంచి నా వైపు తిరిగింది. "ఎప్పుడు మార్చేవు?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వడం లేదని గ్రహించాక నా నవ్వు ఎటుపోయిందో తెలియలేదు.

మా అత్తమ్మ నరసాపురం మనిషి. పెళ్లి కాకముందే నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, ఇక్కడే రిటైరైంది. ఆ కొమ్ములు వాళ్ల నాన్నవి. ఆయన గోదావరి ఏజెన్సీలో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. పాము కరిచి బతికి బట్టకట్టిన మనిషొకడు, అడవిలో దుప్పి రాల్చుకున్న కొమ్ములు ఏరి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడట. ఢిల్లీ రైలెక్కేటప్పుడు ఆవిడ ట్రంకు పెట్టెలో పుట్టింటి వస్తువులు రెండే ఉన్నాయి. ఒకటి ఆ కొమ్ముల జత, రెండోది ఒక సానరాయి. తర్వాత్తర్వాత వన్యప్రాణుల చట్టం వచ్చాక అటవీశాఖ దగ్గర కాగితం కూడా తెచ్చుకుంది.

నేను కరీంనగర్ దాన్ని. సాకేత్‌లో ఉద్యోగం. పొద్దున మెట్రో ఎక్కితే దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరతాను. ఇప్పుడు పుణెలో చదువుకుంటున్న మా అమ్మాయిని పెంచింది ఆవిడే. ఆఫీసులో నాకు ఎంత పేరున్నా ఇంట్లో నేను ఆవిడ కింద జూనియర్నే, అలా ఉండడం నాకు హాయిగానే ఉండేది. అలాంటి మనిషి నన్ను దొంగలా చూస్తే ఎక్కడ గుచ్చుకుంటుందో అక్కడే గుచ్చుకుంది.

పోనీ ఆవిడ అనుమానానికి ఆధారాలు లేవా అంటే, ఉన్నాయి. రెండేళ్ల కిందట ఇంటికి రంగులు వేయించినప్పుడు వాటిని దించి మంచం కింద పెట్టింది నేనే. "అడవి జంతువులవి ఇంట్ల ఎందుకు, లేనిపోని తలనొప్పి" అని అప్పుడు సణిగిందీ నేనే. మా ఆఫీసు పక్క మాల్‌లో గోడకి తగిలించుకునే ప్లాస్టిక్ కొమ్ములు కనిపిస్తే ఫొటో తీసి, "అచ్చం మనవాటి లెక్కనే ఉన్నయి" అని ఆవిడకి చూపించిన తెలివైనదాన్ని కూడా నేనే. ఇవన్నీ ఆవిడ వరసగా అప్పజెప్పింది. నర్సుగా రాత్రి డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి వార్డు అప్పగించినట్టు, ఏదీ మర్చిపోకుండా.

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఉంటుంది. అత్తమ్మకి ఎవరిమీదైనా కోపమొస్తే ప్రార్థనలో పెడుతుంది. కూరలో ఉప్పెక్కువైతే "రుచి తెలిసే నాలుక ఇచ్చినందుకు స్తోత్రం" అంటుంది, ఆ కూర ఎవరు వండారో దేవుడికి చెప్పక్కర్లేదు. ఆ రోజు కళ్లు మూసుకుని, "ఈ ఇంట్లోంచి పోయిన వస్తువు ఎక్కడున్నా చల్లగా కాపాడు తండ్రీ, తీసిన చేతుల్ని క్షమించు," అంది. మా ఆయన ఆకలి మీదున్నాడు. గట్టిగా "ఆమెన్" అన్నాడు. నేను అనలేదు.

"అమ్మ సంగతి తెలుసు కదా, ఛోడో," అన్నాడు తర్వాత. వదిలెయ్యడం నా వల్ల అయ్యే పనైతే ఈ కథే లేదు.

రెండో కన్ను ఫరీదాబాద్‌లో కూతురి దగ్గర చేయించుకుంటానని ఆవిడ బట్టలు సర్దుకుంది. మా ఆడపడుచు వచ్చి తీసుకెళ్లింది. మళ్లీ ఎప్పుడొస్తారని గుమ్మంలో అడిగాను.

"రెండు కళ్లతో చూసుకున్నాక చెప్తాను," అంది.

టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్తే గట్టు మూల ఖాళీగా కనిపించింది. సానరాయి లేదు. శొంఠి కొమ్ము అరగదీసి నుదుటికి పట్టు వేసుకునే రాయి అది. ఏడాదికోసారి కూతురింటికి వెళ్లి నెల రోజులుండి వచ్చినప్పుడు కూడా దాన్ని ఎప్పుడూ తీసుకెళ్లలేదు. ఆవిడ ఇక తిరిగి రాదేమోనన్న భయం నాకు ఆ ఖాళీ చూశాకే పట్టుకుంది.

ఇక నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కొమ్ముల కిందికి వెళ్లి నిలబడాలనిపిస్తుంది. ఆఫీసులో మీటింగు జరుగుతుంటే నేను ఎదుటివాళ్ల లెదర్ బ్యాగుల రంగు చూస్తున్నాను. కొమ్ములకి వాటి రంగు తిరిగి తెస్తే ఆవిడ నమ్ముతుంది, నమ్మితే వస్తుంది. ఇంతకు మించి నా బుర్రలో ఇంకేం లేదు.

అసలు రంగు ఏదో తెలియాలి కదా ముందు. మా ఆయన్ని అడిగితే కాఫీ రంగన్నాడు. ఆడపడుచుకి ఫోన్ చేస్తే బెల్లం రంగని పెట్టేసింది. పాత ఆల్బంలో అత్తమ్మ నర్సు చీరలో ఆ కొమ్ముల కింద నిలబడిన ఫొటో ఉంది. తీరా చూస్తే ఫొటోయే వెలిసి, చీరతో సహా అన్నీ ఎర్రబడి ఉన్నాయి. చివరికి మన సరుకులు దొరికే కొట్టుకి పోయి పాత చింతపండు అరకిలో కొనుక్కొచ్చి, కొమ్ముల కింద పళ్లెంలో పెట్టుకున్నాను. చింతపండు కూడా పైన ఒక రంగు, గింజ దగ్గర ఒక రంగు. ఆవిడ ఏ చోటు గురించి అందో ఎలా తెలుస్తుంది?

ఒక ఆదివారం జూకి పోయాను, ఒక్కదాన్నే. చలికాలం, పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ కాలంలో మగ దుప్పులకి కొమ్ములు గట్టిపడి ఉంటాయి. ఒకటి కంచె పక్కనే చెట్టుకి కొమ్ములు రాస్తోంది. బెరడు రాలుతోంది, తడి పట్టిన దుమ్ము గాడుల్లోకి పోతోంది. ఆ రంగు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. కొమ్ము లోపలి నుంచి ఊరింది కాదు, చెట్ల రసం, మట్టి కలిసి బయటి నుంచి పట్టింది. మొదలు దాదాపు నలుపు. పైకి వచ్చేకొద్దీ పలచబడి, మొనల దగ్గర రాచీ రాచీ దంతంలా మెరుస్తోంది. మొనలన్నీ సూదిగా ఉన్నాయి. నేను కంచె మీదికి వాలి ఫొటోలు తీస్తుంటే కాపలా అతను, "మేడమ్, దూర్ సే," అని రెండుసార్లు కసిరాడు.

ఇంటికొచ్చి కొమ్ములు దించాను. మా ఆయన పని మీద చెన్నై పోయాడు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. సబ్బు నీళ్లతో మెత్తగా కడిగి, నీడలో ఆరబెట్టాను. టీ డికాషన్ పూసి చూస్తే పాలు విరిగిన మరకలా పడింది. అప్పుడు గుర్తొచ్చింది. కూరగాయలు కడగడానికని అత్తమ్మ ఒకప్పుడు నీళ్లలో ఊదారంగు పలుకులు వేసేది. ఆ నీళ్లు తగిలిన గిన్నె, గోళ్లు అన్నీ గోధుమరంగుకి తిరిగేవి, వారం దాకా పోయేవి కావు. మందుల కొట్టుకి పోయి పొటాషియం పర్మాంగనేట్ అడిగాను. "లాల్ దవా?" అన్నాడు అతను, దేనికని అడుగుతూ. జింకకి అన్నాను. ఇంకేం అడగలేదు.

మొదటిసారి పలుకులు ఎక్కువ వేశాను. పూస్తుంటే ఊదాగా ఉంది, ఆరాక మాడిన వంకాయలా తేలింది. ఒళ్లు మండిపోయింది. నిమ్మకాయలు కోసి రుద్దితే దిగింది. ఈసారి గ్లాసు నీళ్లకి చిటికెడు కూడా వెయ్యకుండా, పలకకి ఆనుకుని కనపడని వైపు పూసి చూశాను. కాసేపటికి ఊదా పోయి గోధుమరంగు మిగిలింది, సరిగ్గా గిన్నెల మీద మిగిలినట్టే. అప్పుడు కుదురుగా మొదలుపెట్టాను. పాత బ్రష్షుతో గాడుల్లోకి పూయడం, పైన తడిగుడ్డతో తుడిచెయ్యడం. మొదలుకి రెండు పూతలు ఎక్కువ, మొనలకి అసలు లేదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా దాని ముందే కూర్చునేదాన్ని. పూత ఆరేదాకా ఆగే ఓపిక లేక హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. వేళ్లు అన్నీ గోధుమరంగు. మెట్రోలో పక్కావిడ నా చేతులు చూసి కొంచెం జరిగి కూర్చుంది.

రంగు కుదిరాక ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపించసాగింది. ఎడమ కొమ్ముకి అన్నిటికన్నా కింద ఉన్న మొన మొండిగా ఉంది. ఎక్కడో తగిలి విరిగినట్టు ఏటవాలుగా, చదునుగా. ఇన్నేళ్లూ అంత ఎత్తున ఉండేసరికి నా కంటపడలేదు, రంగులప్పుడు దించినా పరీక్షగా చూడలేదు. జూలో చూసిన సూది మొనలు నా ఫోన్‌లో ఉన్నాయి. ఇంత చేసినదాన్ని ఇదొక్కటీ వదిలేస్తానా? ఆకురాయి తెచ్చి, గరుకు కాగితం తెచ్చి, మణికట్టు వాచేదాకా రాచి, దాన్ని కూడా చక్కగా మొన తేల్చాను. పైన మైనం రుద్ది మెరుగు పెట్టాను. చెన్నై నుంచి వచ్చిన మా ఆయన చూసి, "అరే, కొత్తవాటిలా ఉన్నాయి," అన్నాడు. పలక పట్టుకుని స్టూలెక్కి మళ్లీ తగిలించాడు.

రెండో కన్ను కూడా బాగైంది. ఒక శనివారం మధ్యాహ్నం అత్తమ్మ, ఆడపడుచు వచ్చారు. టాక్సీ కింద ఉంచారు. "ఒకసారి చూసి వెళ్లిపోతుందంట," అంది ఆడపడుచు, మంచినీళ్లు కూడా వద్దంటూ. అత్తమ్మ భుజానికి తన సంచి ఉంది. కుర్చీలో కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడి తలెత్తింది. ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టింది, తీసింది. రెండో కంటికి పెట్టింది, తీసింది.

"ఇదీ రంగు," అంది నెమ్మదిగా.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి కూర్చోవాలనిపించింది.

"దించరా," అంది కొడుకుతో.

దించి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దగ్గరికి వచ్చి, నా వైపు చూడకుండా, ఎడమ కొమ్ము మీద చెయ్యి వేసింది. కళ్లు మూసుకుంది. బొటనవేలు కింది మొన వెంట జారుకుంటూ చివరికి పోయింది. అక్కడ ఆగింది. మళ్లీ తడిమింది.

"ఇక్కడ అరిగి ఉండాలి," అంది.

మా ఆయన మొహం నేను చూశాను. అప్పటికి గుర్తొచ్చింది అతనికి. చిన్నప్పుడు గవదబిళ్లలు వస్తే, పిల్లలకి రొమ్ము పడిశం పడితే, అత్తమ్మ ఆ కొమ్ము దించి సానమీద నీళ్లతో అరగదీసి, ఆ గంధం పట్టు వేసేదట. ఆసుపత్రి క్వార్టర్లలో తెలుగు నర్సులందరూ పిల్లల్ని చంకనేసుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవారట. పగలంతా ఇంగ్లీషు మందులు ఇచ్చే చేత్తోనే సాయంత్రం ఈ పట్టు. అంతకు ముందు వాళ్లమ్మ. అంతకు ముందు కాంపౌండరు గారు. మూడు చేతుల కింద అరిగిన మొన అది. ఈ ఫ్లాట్‌కి మారి, అంత ఎత్తున తగిలించాక ఆ అలవాటు పోయింది. మా కరీంనగర్ ఇంట్లో జలుబుకి బామ్ రాయడమే తప్ప కొమ్ములెక్కడివి? నాకెవరూ చెప్పలేదు.

"అది విరిగిందనుకున్న అత్తమ్మా," అన్నాను. "నేనే రాకిన. మంచిగ కనపడాలని మొన చేసిన."

"రంగు నువ్వే వేసేవు. మొన నువ్వే చేసేవు." ఆవిడ చెయ్యి తీసేసింది. "ఇంకిందులో నాదేముందమ్మా?"

"అమ్మా, టాక్సీ," అంది ఆడపడుచు.

నాకు కోపం తన్నుకొచ్చింది. దుఃఖం కూడా, ఏది ముందో తెలియదు. "ఏం చేస్తే నమ్ముతరు?" అన్నాను. "చెప్పుండ్రి, చేస్త. నెలన్నర బట్టి నాకు తిండి సయిస్తలేదు. మీరు లేని ఇంట్ల నాకు మనసున పడుతలేదు. కొమ్ములు ఎవరివైతే నాకేంది, మీరు నన్ను అట్ల చూడకుండ్రి."

అత్తమ్మ నా మొహం వంక చూసింది. కొత్త కళ్లతో నన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. కాసేపయ్యాక భుజాన సంచి దించి, అందులోంచి పాత తువ్వాలులో చుట్టిన సానరాయి తీసి బల్ల మీద పెట్టింది.

"నీళ్లు తే," అంది.

రాయి మీద నాలుగు చుక్కలు వేసి, మా ఆయన్ని పలక ఎత్తి పట్టుకోమని, ఆ మొన ఆనించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ముందు గోధుమరంగు నీళ్లొచ్చాయి. "ఈ రంగు ఒంటికి తగలకూడదు," అని నర్సులా అని, రాయి కడిగించింది. మళ్లీ తిప్పింది. మళ్లీ కడిగించింది. ఆ తర్వాత రాయి మీద తెల్లగా, మీగడలా దిగడం మొదలైంది. పళ్ల డాక్టరు పన్ను రాచినప్పుడు వచ్చే వాసన గదంతా కమ్మింది. ప్లాస్టిక్ ఎంత అరగదీసినా ఆ వాసన రాదు.

అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. వంగి వాసన చూసింది.

"మా నాన్న చొక్కా ఇలాగే వాసనేసేది," అంది. అని మరోసారి వాసన చూసింది.

తర్వాత నన్ను "ఇలా రా" అంది. వెళ్లాను. నా కుడి మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. "ఇంత వాచిందేంటి?"

"మొన రాకినప్పుడు."

ఆ గంధం వేలితో తీసి మణికట్టు చుట్టూ పట్టు వేసింది. చల్లగా ఉంది. కింద నుంచి హారన్ వినిపించింది.

"అమ్మా, టాక్సీ వాడు," అంది ఆడపడుచు మళ్లీ.

"పంపించెయ్యి. నా బట్టలు రేపు వీడొచ్చి తెస్తాడు." నా చెయ్యి వదల్లేదు. "ఈ సంగతి రాత్రి ప్రార్థనలో చెప్పేసుకుందామనుకున్నాను. కానీ దొంగవని నిన్ను అన్నాను, దేవుణ్ణి కాదు. తప్పు నాది. నీకే చెప్తున్నాను."

నేను తలూపాను.

ఆవిడ మొన మీద బొటనవేలు పెట్టి చూసుకుంది. గోరంత చదును పడింది, అంతే. దాన్ని నాకు చూపించి, రాయి నా ముందుకి జరిపింది.

"పాత మాదిరి అరగాలంటే చాలా ఏళ్లు పడుతుంది. నా రోజుల్లో అవ్వదు. నువ్వే అరగదియ్యాలి."

కుడి చేతికి పట్టు ఉంది కాబట్టి ఎడమ చేత్తో మొదలుపెట్టాను.